వాళ్ళ నడక వాళ్ళనే నడవనివ్వండి

నడక నేర్చుకుంటున్న పసిపిల్ల గంటలో ఎన్ని అడుగులు వేస్తుంది, ఎన్నిసార్లు పడుతుంది? న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ బృందం కూర్చుని లెక్కపెట్టారు. ఏడాది మొదలు పంతొమ్మిది నెలల దాకా వయసున్న పిల్లల్ని బొమ్మలున్న గదిలో వదిలి, వాళ్ళ ఇష్టానికి తిరగనిచ్చి, వీడియో తీసి, ఒక్కో అడుగూ లెక్కించారు. సగటున గంటకి 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. 2012లో అచ్చయిన ఈ లెక్కలో నా మనసు ఆ పదిహేడు దగ్గరే ఆగిపోయింది. గంటకి పదిహేడుసార్లు కిందపడే పనిని పెద్దవాళ్ళలో ఎంతమంది మర్నాడు మళ్ళీ మొదలుపెడతారు?

ఆ వయసులో మనం పిల్లని ఆపం. పడితే లేవదీసి, "ఏం కాలేదులే" అని నేలని ఓ దెబ్బ వేసి, మళ్ళీ వదిలేస్తాం. అడుగులు పడ్డాయని అరిసెలు వండి ఇరుగుపొరుగుకి పంచుతాం. ఎన్నిసార్లు పడ్డావని ఎవరూ నిలదీయరు. అంత ఓపికున్న మనమే మరో రెండు మూడేళ్ళు తిరిగేసరికి మారిపోతాం. బూట్ల లేసులు మనమే కడతాం. అన్నం మనమే కలిపి, ఫోన్లో బొమ్మలు చూపిస్తూ నోట్లో పెడతాం. పుస్తకాల సంచి మనమే సర్దుతాం. అమ్మమ్మ అడిగిన ప్రశ్నకి పిల్ల నోరు తెరిచేలోపే జవాబు మనమే చెబుతాం. చివరికి ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో కూడా మనమే తేలుస్తాం. ఇదంతా ప్రేమతోనే చేస్తామని నాకు తెలుసు. అందుకే ఇది చెప్పాలనిపించింది: పిల్ల చేయాల్సిన పని మన చేతుల మీదుగా జరిగిపోయిన ప్రతిసారీ, ఆ పని వల్ల ఆమె బుర్రలో జరగాల్సింది జరగకుండా ఆగిపోతుంది.

1963లో అమెరికాలో రిచర్డ్ హెల్డ్, అలన్ హెయిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం ఈ సంగతిని కళ్ళకు కట్టిస్తుంది. అప్పటిదాకా చీకట్లో పెరిగిన పిల్లికూనల్ని జతలు జతలుగా తీసుకున్నారు. లోపలంతా నిలువు చారలున్న గుండ్రటి గోడ, దాని మధ్యలో ఒక స్తంభం, స్తంభం మీద గుండ్రంగా తిరిగే అడ్డకర్ర. కర్రకి ఒక చివర ఒక కూనకి పట్టీ కట్టి నేలమీద నడవనిచ్చారు. రెండో చివర వేలాడే చిన్న తొట్టిలో రెండో కూనని కూర్చోబెట్టారు. దాని తల బయటికి ఉంటుంది, కాళ్ళు నేలకి తగలవు. మొదటిది ఎటు నడిస్తే తొట్టి కూడా అటే తిరుగుతుంది. రెండూ చూసే చారలు అవే, వెలుతురు అదే, మలుపులూ అవే. రోజుకి మూడు గంటలు ఇలా తిరగడం, మిగతా సమయమంతా మళ్ళీ చీకటి.

కొన్నాళ్ళకి రెండింటినీ పరీక్షించారు. నడిచిన కూనని బల్ల మీదికి దించుతుంటే, బల్ల దగ్గర పడగానే ముందుకాళ్ళు చాచింది. ఏదైనా మొహం మీదికి వస్తే కళ్ళు ఆర్పింది. గాజుపలక కింద లోతుగా కనిపించే వైపు అడుగు వేయకుండా ఒద్దికగా రెండోవైపుకి దిగింది. తొట్టిలో కూర్చున్న కూనకి వీటిలో ఏదీ రాలేదు. దాని కళ్ళకేం లోపం లేదు, చూడాల్సినవన్నీ చూసింది కూడా. కానీ తను కదిలినందువల్ల ఎదురుగా ఉన్నది మారడమనేది దానికి ఒక్కసారైనా అనుభవంలోకి రాలేదు. అందుకే దాని చూపుకీ కాళ్ళకీ పొత్తు కుదరలేదు.

ఈ కథకి రెండో సగం ఉంది, చాలామంది దాన్ని చెప్పకుండా వదిలేస్తారు. తొట్టి కూనల్ని ఆ తర్వాత వెలుతురున్న గదిలో వాటి మానాన వదిలేశారు. 48 గంటలు సొంతకాళ్ళ మీద తిరిగాక అవి కూడా మిగతావాటిలాగే మసలుకున్నాయి. మన పిల్లలు పిల్లికూనలు కారు కాబట్టి ఆ గంటల లెక్కని మన ఇంటికి తెచ్చుకోలేం. అయినా "మా వాడికి పన్నెండేళ్ళొచ్చాయి, ఇప్పుడేం మారతాడు" అని దిగులుపడే తల్లులకి ఈ సగం తెలిసి ఉండాలి.

ఇక మన ఇళ్ళల్లో తొట్టి ఎక్కడుందో చూసుకుందాం. లెక్క మనం చేసి చూపించి "అర్థమైందా?" అంటే పిల్ల "ఆఁ" అంటుంది. అబద్ధం ఆడటం లేదు, చూస్తున్నంతసేపూ నిజంగానే అర్థమైనట్టుంటుంది. మర్నాడు పరీక్షలో ఒంటరిగా ఆ లెక్క ఎదురైతే పెన్ను కదలదు. ఏళ్ళ తరబడి కారు వెనక సీట్లో కూర్చుని ట్యూషన్‌కి వెళ్ళిన పిల్లకి ఆ దారి తెలియదు. అదే దారిలో ఓ వారం సైకిల్ తొక్కితే ఏ సందు ఎటు పోతుందో, ఏ మలుపులో లారీలు వస్తాయో, ఎక్కడ దిగి నడిపించుకెళ్ళాలో చెప్పేస్తుంది. రెండుసార్లూ కళ్ళముందున్న వీధి అదే.

చొక్కా గుండీలు పెట్టుకునే నాలుగేళ్ళ బాబుని ఓసారి దగ్గర కూర్చుని చూడండి. గుండీని రెండు వేళ్ళతో పట్టుకుని కాజాలోకి తోస్తాడు. అది సగం వెళ్ళి ఆగుతుంది. అవతలివైపు నుంచి లాగాలని అప్పటికి తెలియదు. ఇంకా గట్టిగా తోస్తాడు, జారిపోతుంది. నాలుక పంటికింద పెట్టుకుని మళ్ళీ తోస్తాడు. ఎప్పుడో రెండో చేయి ఊరికే అటు వెళ్ళి ఆ కొసని పట్టుకుంటుంది, గుండీ ఇవతలికి వచ్చేస్తుంది. ఆ క్షణంలో వాడి మొహం చూడాలి. తర్వాతి గుండీకి రెండో చేయి ముందే సిద్ధంగా ఉంటుంది. చివరికి ఒక కాజా తప్పిపోయి చొక్కా ఒకవైపు పొడుగ్గా వేలాడుతుంది. వాడికది తెలియదు, లేదా తెలిసి మొత్తం విప్పుతాడు. ఈ పది నిమిషాల్లో వాడు నేర్చిన సంగతులు ఎన్నో: తోసిన చోటే కాదు, అవతలి నుంచి కూడా పట్టు దొరుకుతుందని, కుదరని దారి వదిలి ఇంకోటి వెతకొచ్చని, తప్పయింది విప్పి మళ్ళీ పెట్టొచ్చని. స్కూలు బస్సు హారన్ మోగితే మనం అరనిమిషంలో ఆ గుండీలన్నీ పెట్టేస్తాం. బస్సు దొరుకుతుంది, పాఠం మాత్రం పోతుంది. రోజూ అలా వదలలేమన్నది నిజమే. ఆదివారాలూ సాయంత్రాలూ ఉన్నాయిగా.

మాటల సంగతి ఇంకా విచిత్రం. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన పసిపిల్లలకి హిందీలోని 'ట', 'త' శబ్దాలు వినిపించారు. ఆ రెండింటి తేడా ఇంగ్లీషు పెద్దలకి చెవిన పట్టదు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో చాలామంది ఆ తేడా పసిగట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి దాదాపు ఎవరికీ అందలేదు. హిందీ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకి మాత్రం అది అలాగే నిలిచింది. చుట్టూ ఏ మాట వినిపిస్తే చెవి ఆ మాటకి పదును పెట్టుకుంటుంది, వినిపించని తేడాని నెమ్మదిగా వదిలేస్తుంది. టెక్సాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మన తెలుగు దంపతులు "పెద్దయ్యాక తెలుగు నేర్పిస్తాంలే" అంటుంటే నాకు ఈ ట, త లే గుర్తొస్తాయి. పెద్దయ్యాక నేర్చుకోలేరని కాదు, నేర్చుకుంటారు. కాకపోతే ఉయ్యాలలో ఊరికే వచ్చేదాన్ని అప్పుడు కష్టపడి సంపాదించుకోవాలి.

మరి టీవీలో తెలుగు పాటలు పెడితే సరిపోదా? 2003లో సియాటిల్‌లో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా భాష మాట్లాడే మనుషుల్ని జతచేసింది. వాళ్ళు పన్నెండుసార్లు ఎదురుగా కూర్చుని, బొమ్మలు ఆడించి పుస్తకాలు చదివారు. ఆ పిల్లలు చైనా భాష శబ్దాల తేడాలు పట్టుకున్నారు. అదే మాటలు, అదే ఆటలు వీడియోలో చూసిన పిల్లలకి ఏమీ రాలేదు. వీడియోలో మనిషి పాప వేలు పెట్టి చూపించిన వైపు తిరగడు, పాప ఊ కొడితే బదులు పలకడు. పాప ఏం చేసినా అక్కడ ఏమీ మారదు. అన్నం తినేటప్పుడు ఫోన్ పెట్టే తల్లిదండ్రులకి నా సలహా చాలా చిన్నది: గిన్నెలో ఏముందో చెప్పండి, పాప చూపించినదాని పేరు చెప్పండి, తన చేత్తో ముద్ద పట్టుకోనివ్వండి. సగం కింద పడుతుంది. పడనివ్వండి.

అడాల్ఫ్ చేసిన ఇంకో పని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. వాలుగా ఉన్న బల్ల పైన పిల్లల్ని వదిలి, పడకుండా పట్టుకోవడానికి పక్కన మనిషిని పెట్టి గమనించారు. కొత్తగా పాకే పిల్లలు ఎంత నిటారు వాలైనా వెనకాముందూ చూడకుండా దూకేవారు. కొన్ని వారాలు పాకాక, తమవల్ల కాని వాలు దగ్గర ఆగడం, వెనక్కి తిరిగి జారడం నేర్చుకున్నారు. అంతలో వాళ్ళకి నడక వచ్చింది. చిత్రమేమిటంటే, పాకేటప్పుడు బుద్ధిగా ఆగిన ఆ పిల్లలే ఇప్పుడు అదే వాలు మీద నిలబడి తిన్నగా నడిచి పడిపోయారు. పాకేటప్పటి తెలివి నడకకి అక్కరకు రాలేదు. వారాల తరబడి నడిచి మళ్ళీ కొత్తగా సంపాదించుకోవాల్సి వచ్చింది.

ఐదో తరగతిలో లెక్కలు చకచకా చేసినవాడు ఆరో తరగతిలో అంకెల బదులు అక్షరాలు రాగానే తెల్లమొహం వేస్తే, తెలుగు మీడియంలో గలగలా మాట్లాడిన పిల్ల ఇంగ్లీషు మీడియంలో చేరి మూగబోతే, ఆ వాలు బల్లని గుర్తుచేసుకోండి. తెలివి ఎక్కడికీ పోలేదు. కొత్త కాళ్ళొచ్చాయి, వాటితో పడటం కొన్నాళ్ళు ఉంటుంది. ఆ సమయంలో "నువ్వు ఇంతకుముందు బాగా చేసేవాడివి, ఇప్పుడేమైంది" అన్న మాట పిల్లల్ని చాలా గాయపరుస్తుంది.

ఒకచోట వచ్చింది ఇంకోచోట రాకపోవడమన్నది లెక్కల్లో బాగా కనిపిస్తుంది. బ్రెజిల్‌లోని రెసీఫ్ నగరంలో బజారులో సరుకులమ్మే పిల్లల్ని పరిశోధకులు కొనేవాళ్ళలా వెళ్ళి లెక్కలడిగారు. కొబ్బరికాయ 35 అయితే పదెంత అని అడిగితే ఒక కుర్రాడు మూడేసి కాయల చొప్పున 105, 210, 315 అని కట్టుకుంటూ పోయి, ఇంకో కాయ కలిపి 350 అన్నాడు. ఆ పిల్లలు బజారులో నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. ఇది 1985 నాటి మాట. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు కలకత్తా, ఢిల్లీ బజార్లలో చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. అక్కడ రెండోవైపు కూడా చూశారు: బడిలో లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్క అడిగితే తడబడ్డారు.

మన పిల్లలు ఈ రెండో గుంపులో ఉన్నారు. వెనకటికి కొట్టుకి పంపితే చిల్లర లెక్కపెట్టుకుని రావడమైనా ఉండేది. ఇప్పుడు ఫోన్‌పే చేసేస్తాం, పిల్లకి డబ్బు మారడమే కనిపించదు. నోట్లు, నాణేలు ఇచ్చి కొట్టుకి పంపండి. పావుకిలో కందిపప్పు, కట్ట కొత్తిమీర, మిగిలిన చిల్లర. ఇంటికొచ్చాక ఆ లెక్కనే ఇద్దరూ కాగితం మీద వేయండి. ఈ రెండో మెట్టు మరవకండి. కొట్టులో చేసింది పుస్తకంలోకి తనంతట తాను నడిచి రాదని రెసీఫ్ పిల్లలు చెబుతూనే ఉన్నారు.

ఇంతవరకూ చేత బుద్ధిని మలచడం గురించి చెప్పాను. బుద్ధి కూడా చేతని మలుస్తుంది, అక్కడే చాలా ఇళ్ళల్లో చిక్కు పడుతుంది. "నాకు లెక్కలు రావు" అనుకున్న పిల్ల లెక్కల పుస్తకం ఆఖరున తీస్తుంది, మొదటి అడ్డంకికే మూసేస్తుంది. కాబట్టి చేసేది తక్కువ, కాబట్టి వచ్చేది తక్కువ, కాబట్టి ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడ తెంచాలి? మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో పాములంటే హడలిపోయేవాళ్ళతో ఒక పరీక్ష చేశారు. కొందరు చికిత్స చేసే మనిషి సాయంతో మెల్లమెల్లగా, చివరికి తమ చేతులతోనే పాముని పట్టుకున్నారు. కొందరు ఆ మనిషి పట్టుకోవడం చూశారు. చూసినవాళ్ళకి కొంత ధైర్యం వచ్చింది. పట్టుకున్నవాళ్ళకి అంతకంటే ఎక్కువ వచ్చింది, వేరే జాతి పాము దగ్గర కూడా ఆ ధైర్యం నిలబడింది. 'నావల్ల అవుతుంది' అన్న నమ్మకం అన్నిటికంటే గట్టిగా పుట్టేది ఒకసారి తనవల్ల అయ్యాకే.

ఆ నమ్మకానికి చోటే లేకపోతే ఏమవుతుందో చూపిస్తూ మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కలతో చేసిన ప్రయోగం చదవడానికి బాధగా ఉంటుంది. రెండు గుంపులకీ ఒకే రకం కరెంటు షాకులు. ఒక గుంపుకి పక్కనున్న పలకని తలతో నొక్కితే షాకు ఆగేది. రెండోదానికి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత చిన్న అడ్డు దాటితే తప్పించుకోగల చోట పెడితే, రెండో గుంపులో చాలా కుక్కలు దాటే ప్రయత్నమే చేయకుండా పడుకుండిపోయాయి. తర్వాత చేసిన ఇంకో ప్రయోగంలో అలాంటి కుక్కలు పిలిస్తే రాలేదు. తాడు కట్టి, మళ్ళీ మళ్ళీ లాగి అడ్డు దాటించాక తమంతట తాము దాటడం మొదలుపెట్టాయి. ఐదు దశాబ్దాల తర్వాత, 2016లో, కుక్కలు చేతకానితనాన్ని నేర్చుకున్నాయన్న తమ సిద్ధాంతాన్ని వాళ్ళిద్దరే తిరగరాశారు. చేతకానితనం నేర్చుకునేది కాదట. కష్టం ఎడతెగకపోతే మెదడు దానంతట అదే కుంగి ఊరుకుంటుందట. 'నేను చేస్తే మారుతుంది' అన్నదే నేర్చుకోవాల్సినదట. ఆ పాఠం ఇంట్లో దొరకాలి.

పొగడ్త మీద కూడా ఒక మాట. 1998లో క్లాడియా మ్యుల్లర్, కారల్ డ్వెక్ అనే పరిశోధకులు చూపించినదాన్నిబట్టి, "నువ్వు తెలివైనదానివి" అని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత కష్టమైన ప్రశ్న రాగానే త్వరగా నీరుగారారు. "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నవాళ్ళు నిలబడ్డారు. ఇది ఇప్పుడు ప్రతి స్కూలు గోడమీదా ఉంది. అయితే 2019లో అమెరికాలో పన్నెండు వేల మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలకి తెలివి పెరుగుతుందనే పాఠాన్ని కంప్యూటర్‌లో చెప్పి చూస్తే, వెనకబడ్డ పిల్లల సగటు గ్రేడు ఒక పాయింట్‌లో పదోవంతు పెరిగింది. మంచిదే, కానీ చిన్నదే. మాట సాయం ఆ మేరకే ఉంటుందని నా అభిప్రాయం. మెచ్చుకోవడం కంటే పిల్ల స్థాయికి ఒక్క మెట్టు పైనున్న పనిని చేతికిచ్చి, అయ్యేదాకా పక్కన కూర్చోవడం ఎక్కువ పనిచేస్తుంది.

పక్కన కూర్చోవడం అన్నాను, వదిలేయడం అనలేదు. కరెంటు ప్లగ్గులు, బావులు, రోడ్లు, వేడినూనె దగ్గర ప్రయోగాలు వద్దు. మాట ఆలస్యమైన పిల్లకి, చదవడంలో ప్రత్యేకంగా ఇబ్బంది పడే పిల్లకి నిపుణుల సాయం కావాలి, తనే నేర్చుకుంటుందని ఊరుకోకూడదు. మిగతా చోట్ల ఆగడం అలవాటు చేసుకోండి. పిల్ల తడబడగానే మన చేయి దానంతట అదే ముందుకి వెళుతుంది, ఆ చేతిని వెనక్కి కట్టుకోండి. మరీ ఆగిపోతే ఒక్క మెట్టు అందించండి, మొత్తం మెట్లు ఎక్కించకండి. జవాబు తప్పయితే "ఎలా చేశావో చెప్పు" అనండి. చెబుతూ చెబుతూ సగంలో తప్పు తనే పట్టుకోవడం మీరు చూస్తారు.

స్కూలు ప్రాజెక్టుల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. రాత్రి వాట్సాప్ గ్రూపులో "రేపు సౌరమండలం మోడల్" అని మెసేజ్ వస్తుంది. నాన్న థర్మకోల్ కోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది, పిల్ల నిద్రపోతుంది. వంకరగా ఉన్నా పిల్ల చేసిన గోళాలే పట్టుకెళ్ళనివ్వండి. టీచర్లు ఈ మాట చదువుతుంటే, దయచేసి వంకర మోడల్‌కి ముందుగా మార్కులు వేయండి. మీరు అలా చేయకపోతే తల్లిదండ్రులు ఎంతకాలం ధైర్యంగా ఉండగలరు?

పదో తరగతి పరీక్షలు రాసి, జూన్‌లో ఇంటర్ హాస్టల్‌కి వెళ్ళబోయే పిల్లలున్న ఇళ్ళకి వేసవి రెండు నెలలు దొరుకుతాయి. ర్యాంకు కోసం ముందస్తు కోచింగ్‌లో ఆ రెండు నెలలూ పోనివ్వకండి. బట్టలు ఉతుక్కోవడం, ఉప్మా చేసుకోవడం, ఒంటరిగా బస్సెక్కి మేనమామ ఊరెళ్ళి రావడం, బ్యాంకులో ఫారం నింపడం, ఒంట్లో బాగోకపోతే ఎక్కడ ఎలా ఉందో డాక్టరుకి తన నోటితో చెప్పడం. వీటిలో ప్రతిదాన్నీ మొదటిసారి మీరు పక్కనుండి చేయించండి. రెండోసారి గుమ్మం దగ్గర నిలబడండి. మూడోసారికి మీరు ఇంట్లోనే ఉండండి. బస్సు తప్పిపోయిందని ఫోన్ చేస్తే, వెంటనే బండి తీయకుండా "తర్వాతి బస్సు ఎన్నింటికో అక్కడ అడిగి చెప్పు" అనండి.